మా పాస్టరుగారికి మూడు నెలల సెలవు ఎందుకు ఇవ్వాలంటే

సంపాదకులకు నమస్కారాలు.

పర్లాకిమిడిలోని మా తెలుగు సంఘం పాస్టరుగారు వచ్చే ఈస్టరు పండుగ తరువాత మూడు నెలల పాటు సంఘ బాధ్యతల నుంచి సెలవు కావాలని కమిటీకి అర్జీ పెట్టుకున్నారు. ఆరోగ్యం బాగాలేక అడిగిన సెలవు కాదు, సొంత పనుల కోసం అడిగింది కూడా కాదు. ఈ చుట్టుపక్కల జిల్లాల్లోనూ, మన పిల్లలు బతుకుతెరువు కోసం వెళ్లిన దూరపు ఊళ్లలోనూ క్రైస్తవ సంఘాలు ఏ విధంగా మారుతున్నాయో స్వయంగా వెళ్లి, వారి మధ్య కూర్చుని ఆరాధించి, చూసి రావాలన్నది ఆయన ఉద్దేశం. ఆ అర్జీ వచ్చిన నాటి నుంచి మా ఊళ్లోనే కాకుండా పాతపట్నం, కాశీనగరం, గుణుపురం వైపు సంఘాల్లో కూడా దీన్ని గురించి రకరకాలుగా మాట్లాడుకుంటున్నారు. నేను తెలుగు ఉపాధ్యాయినిగా పనిచేసి రిటైరైనదాన్ని. మా సంఘంలో స్త్రీల సమాజానికి కార్యదర్శిని, సండే స్కూలులో పాఠాలు చెబుతాను. ఆ సెలవు తప్పకుండా ఇవ్వాలనీ, సరిహద్దు జిల్లాల్లోని తెలుగు సంఘాలన్నీ తమ కాపరులకు ఇలాంటి అవకాశం కల్పించాలనీ నా అభిప్రాయం. అందుకు కారణాలను మీ పత్రిక ద్వారా పాఠకుల ముందు పెట్టదలచుకున్నాను.

ఇది క్రైస్తవుల ఇంటి విషయం, పత్రికకు ఎక్కించవలసిన అవసరమేమిటని కొందరు అడగవచ్చు. రెండు కారణాలున్నాయి. మా ఊళ్లో సామాన్య జనం వారం వారం ఒకచోట చేరి, తెలుగు పుస్తకం తెరిచి, పైకి చదివి వినిపించే స్థలాలు ఇప్పుడు చాలా తక్కువగా మిగిలాయి. వాటిలో మా గుడి ఒకటి. అక్కడ తెలుగు నిలుస్తుందా, నిలవదా అన్నది సరిహద్దు తెలుగువాళ్లందరికీ సంబంధించిన సంగతి. రెండోది, బలవంతపు మతమార్పిడులను నిషేధించే 1967 నాటి మత స్వేచ్ఛ చట్టం ఉన్న రాష్ట్రంలో ఒక పాస్టరు మూడు నెలల పాటు ఊరూరా తిరుగుతున్నాడంటే లేనిపోని ఊహలు పుట్టే వీలుంది. ఆయన ప్రసంగాలు చేయడానికో, బాప్తిస్మాలు ఇవ్వడానికో వెళ్లడం లేదు; ఏనాటి నుంచో ఉన్న సంఘాల్లో వెనక బల్ల మీద కూర్చుని నేర్చుకోవడానికి వెళుతున్నారు. దాపరికం లేని పనిని నలుగురికీ తెలిసేలా చెప్పడమే మంచిది.

మా ప్రాంతం గురించి తెలియని పాఠకుల కోసం కొంత చెప్పాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మేము మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవాళ్లం. 1992లో గంజాం నుంచి విడదీసి గజపతి జిల్లాను ఏర్పాటు చేశారు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఒడిశా మొత్తం మీద క్రైస్తవులు మూడు శాతం కూడా లేరు. మా జిల్లాలో మాత్రం మూడో వంతుకు పైగా ఉన్నారు. వారిలో అధికులు కొండల మీది ఆదివాసులైన సవరలు. కెనడా బాప్టిస్టులు 1874లో కాకినాడలో పని మొదలుపెట్టి క్రమంగా ఉత్తరానికి విస్తరించి, పర్లాకిమిడి మీదుగా సెరంగో కొండల దాకా వెళ్లి, అక్కడ ఆసుపత్రి కట్టారు. ఆ కాలంలో పట్నంలోని తెలుగు సంఘాలు పెద్దవి, కొండ మీది సంఘాలు చిన్నవి. బోధించేవాళ్లు ఇక్కడి నుంచి అక్కడికి వెళ్లేవాళ్లు. ఇప్పుడు ఆ లెక్క తిరగబడింది. కొండ మీద గుళ్లు నిండుగా ఉన్నాయి, పట్నంలో మా బల్లలు ఖాళీ అవుతున్నాయి. తెలుగు క్రైస్తవులు ఈ సంగతిని ఇంకా మనసులో పూర్తిగా ఒప్పుకోలేదని నాకు అనిపిస్తుంది.

మా సంఘంలో మారినవాటిలో నన్ను అన్నిటికన్నా కలవరపెడుతున్నది పిల్లల చదువు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో ఒడియా, ఇంగ్లీషు చదువుతారు, వీధిలో హిందీ కూడా పట్టుబడుతుంది. తెలుగు అక్షరం మాత్రం ఎక్కడా ఎదురుపడదు. యువజనుల ఆదివారం నాడు ఏడో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి లేఖన భాగం చదవడానికి వేదిక మీదికి వచ్చింది. చేతిలో బైబిలు లేదు. నోటుపుస్తకంలోంచి చింపి నాలుగు మడతలు పెట్టిన కాగితం ఉంది. ఆ కాగితం మీద వాక్యాలన్నీ ఒడియా అక్షరాల్లో తానే రాసుకుంది. ఒడియా లిపిలో మనకున్నట్టు ఎ, ఏలకూ ఒ, ఓలకూ విడివిడిగా అక్షరాలు లేవు, వకారం చాలాచోట్ల బకారంగా పలుకుతుంది. అందువల్ల ఆ పిల్ల చదువుతుంటే వెలుగు బేలుగు అయింది, కొండ కోండ అయింది. రెండో వరుసలో కూర్చున్న వాళ్ల నాయనమ్మ పెద్దక్షరాల బైబిలు ఒళ్లో పెట్టుకుని, వేలితో వరుస వెంబడి పోతూ, మనవరాలు తడబడిన చోటల్లా పెదవులు కదిపి సరైన పలుకు అందిస్తూ ఉంది. ఆ పిల్ల శ్రద్ధకు నేను చేతులెత్తి నమస్కరిస్తాను. ఒక సాయంత్రమంతా కూర్చుని అక్షరం అక్షరం మార్చి రాసుకోవడం సామాన్యమైన పని కాదు. ఆ పిల్లకు కావలసింది ఆమె చేతికి మేము ఇంకా ఇవ్వలేదన్నదే నా బాధ.

దీనికి మందు ఏమిటన్న విషయంలో మా సంఘంలోనే ఏకాభిప్రాయం లేదు. సండే స్కూలులో ముందు అరగంట ఓనమాలు నేర్పాలని నేను అంటాను. పాటలూ వాక్యాలూ రెండు లిపుల్లోనూ గోడ మీద తెర కట్టి చూపిస్తే సరిపోతుందని యువకులు అంటారు. నెలకొక ఆదివారం ఒడియాలో ఆరాధన జరపాలని మరికొందరు అంటారు. ఫోనులో బైబిలు చదివి వినిపిస్తుంది కాబట్టి అక్షరాలు రాకపోయినా నష్టం లేదనేవాళ్లూ ఉన్నారు. బరంపురంలోనూ రాయగడలోనూ జయపురంలోనూ ఉన్న తెలుగు కుటుంబాలకు ఇదే సమస్య ఎదురై ఉంటుంది కదా! వాళ్లు ఏం చేశారు, చేసినదాంట్లో ఏది నిలబడింది, ఏది రెండు నెలలకే మూలబడింది? ఈ ప్రశ్నలకు సమాధానం చెప్పగలిగినవాళ్లు మా సంఘంలో ఒక్కరు కూడా లేరు. ఎవరి గుడిలో వాళ్లం ఎవరికి తోచింది వాళ్లం చేసుకుపోతున్నాం.

పాటల సంగతి కూడా ఇలాంటిదే. తెలుగు క్రైస్తవ కీర్తనలు రాసినవాళ్లలో అగ్రగణ్యులైన పురుషోత్తమ చౌదరిగారు 1803లో ఈ పర్లాకిమిడి ప్రాంతంలోనే పుట్టారు. రాగమూ తాళమూ పైన వేసి అచ్చయిన ఆ కీర్తనలు మా అమ్మల తరానికి పుస్తకం లేకుండానే నోటికి వచ్చేవి. ఇప్పటి యువకులు యూట్యూబులో విన్న పాటను కీబోర్డు మీద, ప్యాడ్స్ మీద వాయించి వారం తిరగకుండా సంఘానికి నేర్పేస్తున్నారు. నేను ఆ పాటలను తప్పుపట్టను. వాటిలో మంచి సాహిత్యం ఉన్నవి ఉన్నాయి, ఆ పాటలు పాడేటప్పుడు ఆ పిల్లల ముఖాల్లో కనిపించే భక్తి నిజమైనది. అయితే ఒక తరానికి కీర్తన తెలియదు, మరో తరానికి కొత్త పాట తెలియదు కాబట్టి, గుడిలో సగం మంది పాడుతుంటే మిగిలిన సగం మంది నోరు మూసుకుని నిలబడే పరిస్థితి వచ్చింది. రెండు తరాలూ కలిసి పాడుతున్న సంఘం ఎక్కడైనా ఉంటే, ఆ సంఘంలో అది ఎలా సాధ్యమైందో మా పాస్టరుగారు చెవులారా విని రావాలని నా కోరిక.

వలస గురించి చెప్పకుండా ఈ విషయం పూర్తి కాదు. గంజాం వైపు నుంచి తరతరాలుగా మగవాళ్లు సూరత్ మరమగ్గాలకు వెళ్లడం అందరికీ తెలిసిందే. మా జిల్లా నుంచి ఇప్పుడు కేరళకు, చెన్నైకి, బెంగుళూరుకు వెళ్లేవాళ్లు ఎక్కువయ్యారు. చదువుకున్న పిల్లలు విశాఖపట్నం, హైదరాబాదు చేరుతున్నారు. క్రిస్మసుకు వాళ్లందరూ వచ్చినప్పుడు గుడి బయట షామియానా వేయవలసి వస్తుంది. జనవరి రెండో వారానికి మళ్లీ ముసలివాళ్లమూ పసిపిల్లలమూ మిగులుతాం. ఈమధ్య మా సంఘంలో ఒక పెద్దాయన ప్రభువునందు నిద్రించినప్పుడు పెట్టె మోయడానికి తగినంత మంది మగవాళ్లు సంఘంలో లేకపోయారు. ఆ వీధిలోని దుకాణాల వాళ్లు, ఒడియా ఇరుగుపొరుగువాళ్లు దుకాణాలు కట్టేసి వచ్చి భుజం పట్టారు. వాళ్ల మంచితనాన్ని మేము ఎన్నటికీ మరువం. సమాధి దగ్గర కీర్తన ఎత్తుకుంటే మొదటి చరణం తరువాత అందుకునేవాళ్లు లేక, పాస్టరుగారొక్కరే చివరిదాకా పాడారు. చనిపోయిన పెద్దాయన పెద్దకొడుకు కేరళలో సెలవు దొరక్క ఫోనులోనే అదంతా చూశాడు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు ఆరాధనను ఫోనులోకి తెచ్చాం. అది ఆనాటి అవసరం. తలుపులు తెరిచిన తరువాత కూడా ఫోను ముందే ఉండిపోయినవాళ్లను సంఘసభ్యులని లెక్కించాలా, వాళ్ల పట్ల కాపరి బాధ్యత ఏమిటి అన్నది ఇప్పటికీ తేలలేదు.

ఏ మిషనుకూ చెందకుండా విడిగా నడిచే స్వతంత్ర సంఘాల గురించి మా పెద్దలు చాలా ఆవేశంగా మాట్లాడుతుంటారు కాని, నేను క్లుప్తంగానే చెబుతాను. మా సభ్యుల్లో కొన్ని కుటుంబాలు ఉదయం మా గుడికి వచ్చి, సాయంత్రం వేరే ప్రార్థనా కూడికకు వెళుతున్నాయి. స్వస్థత ప్రార్థన కోసం కొందరు, తమ పేరు పెట్టి పిలిచి ఇంటి కష్టం అడిగి తెలుసుకునే మనిషి కోసం మరికొందరు వెళుతున్నారు. మా గొర్రెలను, అంటే మా సభ్యులను, దొంగిలిస్తున్నారని నింద వేయడం వల్ల ప్రయోజనం లేదు. వాళ్లకు అక్కడ ఏం దొరుకుతున్నదో, మా దగ్గర ఏం దొరకడం లేదో ఎవరైనా నిదానంగా వెళ్లి కూర్చుని చూడాలి.

అయితే చూసేదెవరు? ఈ ఉత్తరంలో నేను అన్నిటికన్నా ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇదే. ఒక పాస్టరుకు తన సంఘం తప్ప మరో సంఘంలో మామూలు విశ్వాసిగా కూర్చునే ఆదివారం సంవత్సరం పొడవునా ఒక్కటి కూడా దొరకదు. మేమందరం బంధువుల ఊరు వెళ్లినప్పుడు అక్కడి గుడికి వెళ్లి, అక్కడి పాటలు విని, అక్కడి ప్రసంగం విని, మన దగ్గర ఇలా లేదే అని అనుకునే వీలుంది. ఆయనకు లేదు. ఆయన వేరే సంఘానికి వెళితే సభలకు ప్రసంగీకుడిగా వెళతారు. శాలువా కప్పుతారు, వేదిక మీద కుర్చీ వేస్తారు, సభ ముగిశాక పాస్టరుగారింట్లో భోజనం పెట్టి బస్సు ఎక్కిస్తారు. ఆనాటి సభ పండుగ సభ కాబట్టి గుడి నిండి ఉంటుంది. మామూలు ఆదివారం నాడు అక్కడ ఎంతమంది వస్తారో, పిల్లలు ఏ లిపిలో చదువుతారో, ఎవరు మానేశారో ఆయనకు తెలిసే మార్గం లేదు. సంఘాలు మారుతున్న కాలంలో ఆ మార్పును చూడవలసిన మనిషినే మనం ఒక్క వేదికకు కట్టి ఉంచుతున్నాం.

కమిటీలో వచ్చిన అభ్యంతరాలకు వస్తాను. పాస్టరుకు వారానికి ఒక్క రోజే కదా పని, విశ్రాంతి ఎందుకని ఒకరు అన్నారు. ఆ మాట విన్నప్పుడు నాకు చాలా బాధ కలిగింది. ఆదివారం ఉదయం పట్నంలో ఆరాధన, మధ్యాహ్నం ఎండలో మోటారు సైకిలు మీద శాఖా సంఘాలకు ప్రయాణం. బుధవారం స్త్రీల కూడిక, శుక్రవారం ఉపవాస ప్రార్థన, శనివారం యువజనుల కూడిక. వీటి మధ్యలో ఆసుపత్రిలో ఉన్నవాళ్లను చూడటం, పెళ్లి సంబంధాలు మాట్లాడటం, అన్నదమ్ముల తగవులు తీర్చడం, పింఛను కాగితాలు రాసిపెట్టడం, రాత్రి ఏ వేళ ఫోను వచ్చినా వెళ్లడం. పాస్టరమ్మగారు ఇందులో సగం బరువు జీతం లేకుండా మోస్తున్నారు. లేవీయకాండం 25వ అధ్యాయంలో పొలానికే ఏడవ సంవత్సరం విశ్రాంతి నియమించాడు దేవుడు. అది మన గుళ్లలో ఎన్నోసార్లు చదివిన భాగమే. అమెరికాలో చాలా సంఘాలు కొన్నేళ్ల సేవ తరువాత కాపరికి ఇటువంటి విరామం ఇస్తాయి. ఇండియానా రాష్ట్రంలోని లిల్లీ ఎండోమెంట్ అనే ధర్మసంస్థ అక్కడి సంఘాలకు దీని కోసమే నిధులు సమకూరుస్తుంది. మనకు అలాంటి ధర్మసంస్థ లేదు. కాని మూడు నెలల రైలు చార్జీలూ బస్సు చార్జీలూ భరించలేనంత పేద సంఘమూ కాదు మాది. క్రిస్మసు అలంకరణకూ మైకు సెట్టుకూ మేము చేసే ఖర్చు నాకు తెలుసు. ఈ ఏటి కోతపండుగ కానుకల్లో ఒక భాగం దీనికి కేటాయించమని నేను అడుగుతున్నాను.

ఆ మూడు నెలలూ ఆరాధన ఎవరు నడిపిస్తారన్నది న్యాయమైన ప్రశ్న. మా సంఘంలో విశ్రాంత పాస్టరుగారు ఒకరున్నారు. ప్రభు భోజన సంస్కారం ఆయన జరిపిస్తారు. తక్కిన ఆదివారాల్లో వాక్యం చెప్పగల పెద్దలు ఉన్నారు, అక్కచెల్లెళ్లు ఉన్నారు. కొండ మీది సవర సంఘాల్లో పాస్టర్లు చాలీచాలకుండా ఉన్నారు కాబట్టి ఊరి పెద్దలే ప్రతి ఆదివారమూ ఆరాధన నడుపుకుంటారు. వాళ్లు చేయగలిగినది మూడు నెలల పాటు మేము చేయలేమంటే, ఇన్నేళ్లుగా మేము విన్న ప్రసంగాలు ఏమైపోయినట్టు? ఇక ఆయన వెళ్లి తిరిగి రారేమో, పెద్ద పట్నంలో మంచి అవకాశం దొరికితే అక్కడే ఉండిపోతారేమో అన్న భయం ఒకటి చాటుగా వినిపిస్తున్నది. మనిషి మీద ఆ మాత్రం నమ్మకం లేకపోతే మన పిల్లల బాప్తిస్మాలూ పెళ్లిళ్లూ ఆయన చేతుల్లో ఎలా పెట్టాం?

ఆయన వేసుకున్న ప్రయాణం గురించి కూడా చెబుతాను. మొదట సెరంగో పైన ఉన్న సవర గ్రామాలకు వెళతారు. పక్కనే ఉన్న కొండలకు వెళ్లడానికి సెలవు దేనికని అడిగినవాళ్లున్నారు. అక్కడ ఒక ఆదివారం పూర్తిగా గడిపిన తెలుగువాళ్లు మా సంఘంలో ఎంతమంది ఉన్నారని నేను వాళ్లను తిరిగి అడిగాను. సవరల భాష ఒక్కటే అయినా, ఆంధ్రా వైపు తెలుగు లిపిలో, కొండ మీది బాప్టిస్టు సంఘాల్లో రోమన్ లిపిలో చదువుతారు. 1936లో మంగెయ్ గొమాంగో రూపొందించిన సొరంగ్ సోంపెంగ్ లిపి కూడా వాడుకలో ఉంది. అన్ని లిపుల మధ్య ఆ భాష గుడిలో ఎలా బతికి ఉన్నదో తెలుసుకోవలసిన అవసరం ఇవాళ మాకే ఎక్కువగా ఉంది. తరువాత కొరాపుట్, జయపురం లూథరన్ సంఘాలకు వెళతారు. జర్మనీలోని బ్రెక్లుం నుంచి వచ్చిన మిషనరీలు 1882లో ప్రారంభించిన ఆ పని సాలూరు, పార్వతీపురం వైపు తెలుగువారి మధ్య, కొరాపుట్ వైపు ఒడియా, ఆదివాసీ జనం మధ్య సాగింది. ఒకే సంఘం రెండు మూడు భాషల్లో ఇన్నేళ్లు ఎలా కలిసి ఉందన్నది మాకు పనికివచ్చే అనుభవం. అక్కడి నుంచి బరంపురం. ఆ తరువాత సూరత్‌కు, కేరళకు, మా పిల్లలు పనిచేసే చోట్లకు వెళ్లి, ఆదివారం సెలవు దొరికిన రోజున వాళ్లు ఎక్కడ ఆరాధిస్తున్నారో, ఏ భాషలో ప్రార్థిస్తున్నారో, అసలు వెళుతున్నారో లేదో చూస్తారు. నన్ను అడిగితే ఈ చివరి మజిలీకే ఎక్కువ వారాలు కేటాయించాలి. సంఘం లోపల ఉన్నవాళ్లను ఇక్కడ కూర్చుని కూడా చూడవచ్చు, దూరమైనవాళ్లను వెతుక్కుంటూ వెళ్లవలసిందే.

ఆయనకూ నాకూ ఒక విషయంలో అభిప్రాయభేదం ఉన్నదని దాచకుండా చెబుతాను. కొన్నేళ్లలో యువజనుల ఆరాధన ఒడియాలోకి మారక తప్పదని ఆయన అనుకుంటున్నారు. పిల్లవాడు తనకు అర్థమయ్యే అక్షరాల్లో దేవుని వాక్యం చదవడం ముఖ్యం, ఆ అక్షరాలు ఏవన్నది తరువాతి సంగతి అని ఆయన వాదన. నాకు అది మింగుడుపడలేదు. మా పిల్లలు ఇంట్లో అమ్మతో మాట్లాడే భాష తెలుగే; దుఃఖం వచ్చినప్పుడు వాళ్ల నోట వచ్చేదీ తెలుగే. ఆ భాషలో ప్రార్థించడం రాని పిల్లవాడికి, సంఘం ఏదో ఒకటి ఇవ్వకుండా వదిలేసిందని నేను భావిస్తాను. అలాగని అక్షరం రాని పాపానికి పిల్లలు గుడిలో మౌనంగా కూర్చుని, చివరికి రావడం మానేయడాన్ని కూడా నేను భరించలేను. గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ ఊళ్లోనే ఉండి, సవరలను చేరదీసి వాళ్ల నోటి నుంచి వాళ్ల భాష నేర్చుకుని, వాళ్ల కోసం బళ్లు పెట్టి, దశాబ్దాల తరువాత 1931లో ఆ భాషకు వ్యాకరణం ప్రచురించారు. 1936లో ఈ ఊరు ఒడిశాలో చేరినప్పుడు ఆయన ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. ఆయన నేర్పిన పద్ధతి మాత్రం మాకు మిగిలింది. ముందు వినాలి, తరువాత రాయాలి. పాస్టరుగారి అభిప్రాయం మారాలనో, నాది నెగ్గాలనో ఈ సెలవును బలపరచడం లేదు. మేమిద్దరం వాదించుకోవడానికి కళ్లతో చూసిన ఆధారాలు కావాలి.

ఆయనకు నేను మనవి చేసుకున్నది మరొకటి ఉంది. వెళ్లిన ప్రతి చోటా మగవాళ్లతో పాటు స్త్రీలతో కూడా మాట్లాడాలి. ఆదివారం నాడు మా గుడిలో సగం కన్నా ఎక్కువ మంది స్త్రీలే. కానుకల సంచిలో పిడికెడు బియ్యం లెక్క నుంచి రోగుల పరామర్శ దాకా నడిపించేది వాళ్లే. కమిటీ బల్ల దగ్గర మాత్రం మా సంఖ్య నామమాత్రం. 2013లో దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) నంద్యాల డయాసిస్‌కు పుష్పలలితగారిని బిషప్పుగా ప్రతిష్ఠించింది. తెలుగు నేల మీద ఒక స్త్రీ బిషప్పు కాగలిగినప్పుడు, మా సరిహద్దు సంఘాల్లో స్త్రీ ప్రసంగ వేదిక ఎక్కడానికి స్త్రీల ఆదివారం దాకా ఆగవలసిన పని లేదు. మగవాళ్లు వలస వెళ్లిన ఊళ్లలో గుడి తాళం చెవి ఎవరి దగ్గర ఉంటున్నదో ఆయన తప్పకుండా గమనించాలని కోరాను.

ఇక ఆయన వెళ్లబోయే సంఘాల వారికి నా విన్నపం. ఆయన వచ్చినప్పుడు దయచేసి శాలువాలూ పూలదండలూ వద్దు. వేదిక మీద కుర్చీ వేయవద్దు, వచ్చారు కదా అని రెండు మాటలు చెప్పమని మైకు చేతికి ఇవ్వవద్దు. మామూలుగా జరిగే ఆరాధన మామూలుగానే జరపండి. ఆ రోజు కోసం పిల్లలకు ప్రత్యేకంగా పాట నేర్పించకండి. మీ హాజరు పుస్తకం చూపించండి. మానేసినవాళ్లు ఎందుకు మానేశారని మీరు అనుకుంటున్నారో చెప్పండి, వీలైతే వాళ్ల ఇళ్లకు కూడా తీసుకువెళ్లండి. తెలుగు ఆరాధన ఆపేసిన సంఘాలు ఏవైనా ఉంటే, అందుకు సిగ్గుపడకుండా, ఏ పరిస్థితుల్లో ఆపవలసి వచ్చిందో, ఆపిన తరువాత పెద్దవాళ్లు ఏమయ్యారో ఉన్నదున్నట్టు చెప్పండి. సూరత్‌లోనూ కేరళలోనూ ఉన్న గజపతి, గంజాం జిల్లాల తెలుగు పిల్లలు ఈ ఉత్తరం చదివితే, మీరు ఆదివారం ఎక్కడ కలుసుకుంటారో మీ మీ ఇళ్లకు ఫోను చేసి చెప్పండి. మీ అమ్మానాన్నల దగ్గర ఆ వివరాలు స్త్రీల సమాజం తరఫున మేము సేకరించి పాస్టరుగారికి అందజేస్తాం.

మా సంఘం సాధారణ సభ కోతపండుగ తరువాతి ఆదివారం, ఆరాధన ముగిసిన వెంటనే గుడిలోనే జరుగుతుంది. సెలవు మంజూరు చేయాలన్న తీర్మానాన్ని నేను ప్రతిపాదిస్తాను. అభ్యంతరాలున్న పెద్దలు వాటిని వీధిలో కాకుండా ఆ సభలో లేచి చెప్పాలని, వలస వెళ్లిన సభ్యుల తల్లిదండ్రులు ఆ రోజు తప్పకుండా హాజరు కావాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయిని,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా.